పెరుగు కప్పులో పేర్రాజుగారి గొంతు

కనకరత్నం భయాలకు ఓ వరుస ఉంది. లేవగానే గ్యాసు బండ, కాఫీ అయ్యాక కరెంటు తీగలు, మధ్యాహ్నం వీధి కుక్కలు, సాయంత్రం కూతురు ఎక్కిన బస్సు. టెలిగ్రాములు ఎత్తేసి ఇన్నేళ్లయినా, వీధిలో సైకిలు బెల్లు మోగితే ఆవిడ గుండె ఇప్పటికీ ఒక్కసారి ఆగి కొట్టుకుంటుంది. ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషికి లోకంలో ఇన్ని ప్రమాదాలున్నాయని ఎలా తెలిసిందోనని ఆవిడ భర్త పేర్రాజు రోజూ ఆటపట్టించేవాడు. ఆటపట్టించడం ఆగిపోయి రెండేళ్లయింది.

పేర్రాజు తణుకు బస్టాండులో ముప్పై ఏళ్లు మైకు ముందు కూర్చున్న మనిషి. బోర్డు మీద ఏం రాసి ఉన్నా, ఆయన గొంతు వినబడితే తప్ప జనం సంచులు ఎత్తేవారు కాదు. అలాంటివాడికి ఒక ఉదయం పక్షవాతం వచ్చి కుడి చేతినీ మాటనీ పట్టుకుపోయింది. చెయ్యి కొంత తిరిగొచ్చింది. మాట రాలేదు. అప్పటినుంచీ ఆయన వంతు మాటలు కూడా కనకరత్నమే మాట్లాడేది. "ఎలా ఉందండీ?" అని డాక్టరు ఆయన్ని అడిగితే, "కాస్త నీరసంగా ఉంటున్నారండీ" అని ఈవిడ చెప్పేది. ఆయన కాదన్నట్టు చెయ్యి ఊపేవాడు. అది కూడా నీరసం వల్లేనని ఈవిడ చెప్పేది.

వాళ్ల ఒక్కగానొక్క కూతురు నిరుపమ పాల పరిశోధనశాలలో ఉద్యోగం చేస్తుంది. ఆ ఆదివారం పొద్దున ముందుగది బల్ల మీద నిరుపమ తయారుచేసిన పెట్టె ఉంది. టిఫిను డబ్బా అంత ఉంటుంది. దాని పక్కన టీ గ్లాసంత గాజు కప్పు, కప్పులో తెల్లగా గడ్డపెరుగు. పెట్టెలోంచి ఓ సన్నటి గొట్టం కప్పులోకి దిగింది. ఓ తీగ పేర్రాజు మెడకు కట్టిన మెత్తటి పట్టీ దాకా వచ్చింది. మాట అనుకోగానే గొంతులో పుట్టే చిన్న అదురును పట్టీ పట్టుకుంటుంది, ఆ అదురు ఏ మాటో పెట్టె పోల్చుకుంటుంది, పోల్చుకున్నది, బస్టాండు పాత క్యాసెట్లలోంచి ఎత్తిన ఆయన గొంతుతోనే పలుకుతుంది. పదకొండు నెలలు నేర్పిన చదువు అది. ఇవాళ మొదటి మాట.

కనకరత్నం భర్తకు ఇస్త్రీ చొక్కా తొడిగింది. చొక్కా మీద పట్టీ, పట్టీ పైన మళ్లీ తుండుగుడ్డ చుట్టబోతే నిరుపమ ఆపింది.

"అమ్మా, మఫ్లరు అక్కర్లేదు."

"షాకు కొడితే?"

"కొట్టదు. తొమ్మిది ఓల్టుల బ్యాటరీ."

"తొమ్మిదంటే తక్కువేంటే?"

నిరుపమ మీట నొక్కింది. పెట్టె గుటక వేసినట్టు ఒక చుక్క పెరుగు పైకి పీల్చుకుంది. చిన్న తెర మీద చుక్కలు గుండ్రంగా తిరిగాయి. పేర్రాజు ఫొటోకి కూర్చున్నట్టు నిటారుగా సర్దుకున్నాడు. చుక్కలు ఆగిపోయి అక్షరాలు పడ్డాయి.

'మూల ఫైళ్లు కనబడలేదు. యంత్రం మొదలు కాదు.'

"ఏవైందే?"

"ఏం లేదమ్మా. ఒక్కోసారి గొట్టంలో గాలి చేరుతుంది."

గాలి తీసి నొక్కింది. అవే అక్షరాలు. తీగలన్నీ ఊడబెరికి మళ్లీ తగిలించింది. అవే అక్షరాలు. పెట్టెను పక్కగదిలోకి తీసుకెళ్లి నొక్కింది, తిరిగి తెచ్చి నొక్కింది. ఐదోసారికి పేర్రాజు నిటారుగా కూర్చోవడం మానేసి వెనక్కి వాలాడు. నిరుపమ నుదుటి మీద చెమట తుడుచుకుని, ఒక చుక్క పెరుగును గాజుబిళ్ల మీద వేసి, ఫోనుకు తగిలించుకున్న బుల్లి భూతద్దంలోంచి చాలాసేపు చూసింది.

"అమ్మా, ఇది మన పెరుగు కాదు."

కనకరత్నం చూపు పెరటి గుమ్మం వైపు పోయింది.

"పెరుగు పెరుగే కదే..."

"కాదమ్మా. నాన్న గొంతూ మాటలూ అన్నీ ఈ పెరుగులోని క్రిముల్లోనే రాసిపెట్టాం. ఒక్కో క్రిమి పొట్టలో ఒక్కో పేజీ. పెట్టె ఉత్తదే. పెరుగు చదువుకుంటేనే అది నిద్ర లేస్తుంది. ఈ పెరుగులో ఒక్క ముక్క రాత లేదు. నిజం చెప్పు. ఏం చేశావ్?"

చేసింది చెప్పక తప్పలేదు. గురువారం నాడు నిరుపమ పరిశోధనశాల నుంచి ఫోను చేసింది. 'ఇక్కడ పెరుగుకు వైరస్ తగిలి కప్పులన్నీ పోయాయమ్మా, ఇంట్లో కప్పు ఒక్కటే మిగిలింది, జాగ్రత్త' అంది. వైరస్ అన్న మాట చెవిన పడ్డాక కనకరత్నానికి 'జాగ్రత్త' అంటే ఒకటే అర్థం. ఆ క్షణమే కప్పు తీసి పెరుగు పెరట్లో గొయ్యి తీసి పూడ్చేసింది. కప్పును మరుగునీళ్లతో మూడుసార్లు కడిగింది. కొట్లో ప్యాకెట్టు పెరుగు తెచ్చి, పాలల్లో తోడేసి పెట్టింది. రాత పెట్టెలో ఉంటుందనీ, పెరుగు దానికి మేతలాంటిదనీ అనుకుంది. మేత మార్చితే ఆవు మారిపోతుందా?

"పసుపు కూడా వేసి కడిగాను," అంది చిన్న గొంతుతో, అదేమైనా శిక్ష తగ్గిస్తుందేమోనని.

నిరుపమ నేల మీద చతికిలబడింది. పేర్రాజు తల్లినీ పిల్లనీ మార్చి మార్చి చూశాడు.

"మళ్లీ నేర్పిద్దామే. ఇంకో పదకొండు నెలలు పట్టనీ. నేను దగ్గరుండి కూర్చోబెడతాను."

"వదిలెయ్యి అమ్మా."

"చెప్పవే!"

"నేర్పడానికి గొంతులో పెద్ద అదురు కావాలి. పోయినేడు ఉండేది. ఇప్పుడు నాన్నకు సగం కూడా లేదు. చదవడానికైతే చిన్నది చాలు, నేర్పడానికి చాలదు."

కనకరత్నం గుమ్మానికి ఆనుకుని నిలబడింది. లోకంలో ఉన్న ఆపదలన్నిటినీ వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ బతికింది గానీ, ఆ లెక్కలో తనను ఎప్పుడూ వేసుకోలేదు. ఆయన మాట మొదటిసారి రోగం పట్టుకుపోయింది. రెండోసారి తనే, ఈ చేతులతోనే, పెరట్లో పాతిపెట్టింది.

"పెరట్లో తవ్వి చూద్దామా?" అంది.

"మూడు రోజులు మట్టిలో ఉన్నాక ఏం మిగులుతుందమ్మా?" నిరుపమ చేతుల్లో మొహం దాచుకుంది. కాసేపటికి తలెత్తింది. "రోజూ కొత్త పాలు పోసేముందు ఒక చెంచాడు తీసి పారబోయమన్నాను కదా. ఎక్కడ పోసేదానివి? సింకులోనేనా?"

కనకరత్నం గుమ్మం మీద పెచ్చును గోటితో గీకింది. రెండో నేరం కూడా బయటపడే ఘడియ వచ్చింది.

"అమ్మా!"

"పెరుగు సింకులో పోస్తారుటే ఎవరైనా? మహాపాపం. అచ్చాయమ్మకిచ్చాను."

"ఇచ్చావా? ఎప్పుడు?"

"పదిరోజుల కిందట. వాళ్లింట్లో పాలు తోడుకోవట్లేదని గిన్నె పట్టుకుని వచ్చింది. తోడు అడిగితే లేదని ఎలా అంటాం? తర్వాత మళ్లీ రెండుసార్లిచ్చాను. నువ్వు తిడతావని చెప్పలే..."

మాట పూర్తి కాకుండానే కూతురు లేచి వచ్చి రెండు బుగ్గలూ పట్టుకుని ముద్దు పెట్టేసింది. తిట్టుకు సిద్ధంగా ఉన్న మనిషి ముద్దుకు తట్టుకోలేక ఒక అడుగు వెనక్కి వేసింది.

పక్కింటి అచ్చాయమ్మ అప్పుడే పెరుగు గిన్నె కడగడానికి పంపు దగ్గర పెట్టింది. వేళ్లతో గీకితే రెండు చెంచాల పెరుగు వస్తుంది.

"ఆ తోడు ఏం తోడు వదినా! కత్తి పెట్టి కోసుకోవచ్చు. మా ఆయన పొద్దున్నే ఆవకాయ అన్నంలో గిన్నెడూ కలుపుకున్నాడు. ఏం, ఎందుకలా వగరుస్తున్నావ్?"

"అందులో మీ అన్నయ్యగారి గొంతుంది."

అచ్చాయమ్మ గిన్నెలోకి వంగి చూసింది. "ఓరి నాయనో. అయితే మా ఆయన అన్నయ్యగారిని ఆవకాయతో తినేశాడా? అందుకేనా పొద్దున్నుంచీ ఆపకుండా వాగుతున్నాడు!"

"తింటే ఏం కాదు పిన్నీ, మామూలు పెరుగే," అంది నిరుపమ, గిన్నె లాక్కుని పరిగెడుతూ. ఆ మాటకు కనకరత్నం మనసు సగం కుదుటపడింది. మిగతా సగం, ఆయన తిన్నది అరగకపోతే ఎలాగా అని ఆలోచించడం మొదలుపెట్టింది.

పెట్టె చుక్క పీల్చింది. పది నిమిషాలు చుక్కలు తిరిగాయి. 'మూల ఫైళ్లు: వందకు నలభై.'

"నలభై వచ్చాయి నాన్నా!" నిరుపమ కేకేసింది. "వాళ్ల గేదెపాల క్రిములు కలిసి కొన్ని పేజీలు చిరిగాయి. ఇంకెవరి దగ్గరైనా ఇదే తోడు ఉంటే, అక్కడ వేరే పేజీలు చిరిగుంటాయి. చిరగని పేజీలన్నీ తీసుకుని ఈ పెట్టే ఒక్కటిగా కుట్టుకుంటుంది. పిన్నీ, నువ్వు ఎవరికైనా ఇచ్చావా?"

"ఇవ్వకేం? ఎదురింటి సుగుణ టీచరు అడిగింది."

సుగుణ టీచరు తెల్లచీర కట్టుకుని, బైబిలు చంకలో పెట్టుకుని చర్చికి బయల్దేరుతోంది. విషయం విన్నాక చెప్పులు విప్పి లోపలికి వెళ్లింది. ఆవిడ ఫ్రిజ్జులో పెరుగుకు కూడా మూతమీద తేదీ రాసి ఉంటుంది. చల్లగా, కదలకుండా ఉన్న డబ్బా తెచ్చి చేతిలో పెట్టింది.

"పరీక్ష పేపర్లు కూడా ఇంత జాగ్రత్తగా దాచలేదమ్మా నేను. ఇదిగో, ప్రార్థన ఇక్కడే చేసుకుంటాను," అని వాళ్ల వెనకే వచ్చి పేర్రాజు పక్కన కుర్చీలో కూర్చుంది. అచ్చాయమ్మ కూడా గుమ్మంలో తిష్ఠ వేసింది.

వందకు ఎనభై ఎనిమిది. మాటల ఫైళ్లు నిండాయి. ఊపిరి ఫైళ్లు నిండాయి. ఒక్క గీత దగ్గర తెర ఆగిపోయింది. 'గొంతు ఫైలు కనబడలేదు. యంత్రం మొదలు కాదు.'

"ఏదో ఒక గొంతు పెట్టెయ్యకూడదూ?" అంది అచ్చాయమ్మ. "రేడియోలో అమ్మాయిది బావుంటుంది."

పేర్రాజు ఎడమ చెయ్యి ఎత్తి, వద్దంటే వద్దని ఊపాడు. ఈసారి కనకరత్నం అది నీరసం వల్లేనని అనలేదు.

సుగుణ టీచరు కళ్లు తెరిచింది. "బుధవారం నేను గంగరాజుకి ఒక గ్లాసుడు ఇచ్చాను. బస్టాండులో మజ్జిగ బండి అతనిది. పులుపు తక్కువగా కావాలంటే..."

నిరుపమ పెట్టె వదిలి వెళ్లడానికి లేదు. కప్పు ఒంటివేడి దాటకుండా అరచేతుల్లో పట్టుకుని, నిమిషం నిమిషం చూసుకోవాలి. అచ్చాయమ్మకు మోకాళ్లు. టీచరుకు బస్టాండులో గంగరాజు బండి ఏ మూలో తెలీదు.

"నేను వెళ్తాను," అంది కనకరత్నం.

అందరికంటే ఆవిడే ఎక్కువ ఆశ్చర్యపోయింది. రెండేళ్లుగా పెద్దరోడ్డు ఒంటరిగా దాటలేదు. ఆటో అంటే బోల్తా, లారీ అంటే బ్రేకు ఫెయిలు. అయినా స్టీలు గిన్నె చంకలో పెట్టుకుని, చెంగు దోపుకుని మెట్లు దిగింది. పెట్రోలు బంకు దగ్గర రోడ్డు దాటేటప్పుడు ఒక లారీ పెద్దగా హారను కొట్టింది. "ఆగవయ్యా, కనబడట్లేదా!" అని గిన్నె చూపించి అరిచింది. లారీ నిజంగానే ఆగింది. ఇన్నాళ్లూ ఈ ముక్క ఎవరూ చెప్పలేదేంటని ఆవిడకు అనిపించింది.

గంగరాజు కుండ బోర్లించి కడుగుతున్నాడు.

"మజ్జిగ!"

"అయిపోయిందండి అమ్మగారూ. ఎండలు కదండి. ఆఖరి గ్లాసు ఇప్పుడే ఆయనకిచ్చాను."

బండి పక్కన సంచుల మధ్య నిలబడి, బోడితల మీద రుమాలు వేసుకున్న ఒక ప్రయాణికుడు గ్లాసు పెదాలకు ఆనించాడు. కనకరత్నం ఏం ఆలోచించలేదు. ఆలోచిస్తే ఆవిడకు వంద భయాలు దొరికేవి. ఒక్క అంగలో వెళ్లి ఆయన మూతి దగ్గర్నుంచి గ్లాసు లాగేసుకుంది. ఆయన మీసాల మీంచి మజ్జిగ చుక్క రాలింది. పెదాలు ఇంకా గ్లాసు ఉన్నట్టే గుండ్రంగా ఉన్నాయి.

"ఏంటండీ ఇది! పట్టపగలు!"

"తాగకండి బాబూ, అది మా ఆయన గొంతు!"

చుట్టూ జనం మూగారు. గంగరాజు కుండ వదిలి వచ్చాడు. కనకరత్నం రొప్పుతూ, తడబడుతూ, పెరుగూ, పెట్టే, క్రిములూ, పేజీలూ అన్నీ కలగాపులగం చేసి చెప్పింది. ఎవరికీ పూర్తిగా అర్థం కాలేదు గానీ, పేర్రాజు అన్న పేరు అందరికీ అందింది.

"మైకు పేర్రాజుగారా?" అన్నాడు గంగరాజు. "ఆయ్, ఆయన గొంతు నా కుండలో ఉందాండి? నాలుగు రోజులుగా ఊరంతా తాగుతుంటే నేనెంతో పుణ్యం మూటగట్టుకున్నట్టేనండి."

రుమాలు పెద్దమనిషి మూతి తుడుచుకున్నాడు. కోపం పోయి ఆ మొహంలోకి బెంగ వచ్చింది. "ఒక గుక్క తాగేశానండి. అందులో ఏం పోయిందో ఏమో. అత్తిలి బస్సు తప్పిపోతుందని నన్ను పేరు పెట్టి పిలిచిన మహానుభావుడండీ ఆయన."

"గుక్కే కదండీ, పర్లేదు," అంది కనకరత్నం. ఎదుటి మనిషికి పర్లేదని చెప్పడం ఆవిడ జీవితంలో అదే మొదటిసారి.

అరగ్లాసు మజ్జిగ గిన్నెలో పోసుకుని, చెంగు మూతగా పట్టుకుని ఇల్లు చేరింది. నిరుపమ పలచటి గుడ్డలో వడకట్టింది. అల్లం ముక్కలు, పచ్చిమిరప ముక్కలు, ఓ కరివేపాకు పైన నిలిచిపోయాయి.

"ఉప్పేశాడే. ఉప్పుకి చచ్చిపోయుంటాయా?"

"చావవమ్మా, కాస్త దాహం వేస్తుందంతే. కూర్చో."

పెట్టె గుటక వేసింది. చుక్కలు తిరగడం మొదలైంది. పది నిమిషాలు.

కనకరత్నం కూర్చోలేకపోయింది. భర్త కుర్చీ ముందు నిలబడి, పైట చెంగు నలుపుతూ, చెప్పడం మొదలుపెట్టింది. ఆయనకు ఇదంతా సగం సగం తెలుసు. అయినా తన నోటితో తను చెప్పుకోవాలి. పెరట్లో పాతిపెట్టింది చెప్పింది. పసుపు వేసింది చెప్పింది. లారీ ఆపింది చెప్పింది. గ్లాసు లాక్కున్న దగ్గరకు వచ్చేసరికి చేతులు వాటంతటవే లేచి ఆ పెద్దమనిషి గ్లాసు పట్టుకున్న తీరూ, ఆ గుండ్రటి మూతీ చూపించాయి. "నన్ను తిట్టాలనుంటే తిట్టండి. గొంతు వస్తే మొదటి మాటే తిట్టండి. రాకపోతే... రాకపోతే మాత్రం..." అంటూ ఆగిపోయింది.

పేర్రాజు భుజాలు కదులుతున్నాయి. మెడ మీద పట్టీ చిన్నగా అదురుతోంది.

"ఏవండీ! ఏవైందండీ? నిరూ, మీ నాన్నకు మళ్లీ వచ్చేసిందే! డాక్టరుకు ఫోను చెయ్యి!"

నిరుపమ తెరనే చూస్తోంది. 'మూల ఫైళ్లు సరిపోయాయి.' ఆ అక్షరాలు చెరిగిపోయి తెర పచ్చగా వెలిగింది. పెట్టెలోంచి ముందు గరగరమని చప్పుడొచ్చింది. తర్వాత ఏదో పొంగినట్టు, తెరలు తెరలుగా, గదంతా నిండిపోయేలా ఒక శబ్దం.

నవ్వు.

"నవ్వు మనం నేర్పలేదే," అంది నిరుపమ. "క్యాసెట్లలో ఎక్కడా నాన్న నవ్వలేదు."

నేర్పక్కర్లేకపోయింది. ఆ కుర్చీలో మనిషి లోపల పకపకా నవ్వుతున్నాడు, ఆ అదురు ఆపుకోలేక గొంతు దాని వెనక పరిగెత్తింది. అచ్చాయమ్మ లెంపలేసుకుంది. సుగుణ టీచరు కళ్లు ఒత్తుకుంది. నవ్వు నెమ్మదించి, దగ్గై, దగ్గు మాటైంది. బస్టాండు గొంతు. కాస్త బొంగురు, కాస్త దర్జా.

"రత్నం. ఆ గ్లాసు లాక్కున్నది మళ్లీ చెప్పు."

కనకరత్నం నోరు తెరిచింది. మాట రాలేదు. కళ్లలోంచి నీళ్లు మాత్రం వచ్చాయి.

"ఏడుపు తర్వాత. ముందు అది చెప్పు. మూతి ఎలా పెట్టాడు?"

ఆవిడ చెంగుతో మొహం తుడుచుకుని, ముక్కు ఎగబీల్చి, కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. "చెప్తానుండండి. మొదటినుంచీ చెప్తాను. పెట్రోలు బంకు దగ్గరకు వెళ్లానా..."

"ఏ బంకు? పాతదా, కొత్తదా?"

"పాతదే. అక్కడ ఒక లారీ..."

"ఆ వేళకి అక్కడ లారీలు రావే. అది పాల వ్యానై ఉంటుంది."

"లారీయేనండీ, నేను చూశాను కదా! ఇంత పెద్దది, ముందు నిమ్మకాయలు కట్టి ఉన్నాయి. అది హారను..."

"నిమ్మకాయలు వ్యానుకి కూడా కడతారు."

"అబ్బబ్బ, మధ్యలో మాట్లాడకండి మీరు!"

అనేసి కనకరత్నం ఆగిపోయింది. తను ఏమన్నదో అప్పుడు వినబడింది. చెయ్యి దానంతటదే నోటి మీదకు వెళ్లింది. ఈ మాట తన నోటినుంచి వచ్చి ఎన్నాళ్లయిందో లెక్కపెట్టుకోబోయింది, లెక్క తేలలేదు.

పేర్రాజు ఎడమ చెయ్యి చాపి ఆ చేతిని నోటి మీంచి తీసేశాడు.

"మాట్లాడతాను," అన్నాడు. "ఊఁ, నువ్వు చెప్పు."